పాత దస్త్రాల్లో పెద్దల జాడ

మరణ నమోదులు, పహాణీలు, జనాభా లెక్కలే వంశ చరిత్రకు ఆధారం
ఏ వివరం ఎక్కడ దొరుకుతుంది? ఎక్కడ దొరకదు?

వేములవాడ: భాద్రపద అమావాస్య వచ్చిందంటే మన పల్లెల్లో పెత్రమాస. కాలం చేసిన పెద్దల పేరిట బియ్యం ఇచ్చే రోజు. గోత్రం చెప్పి, తండ్రి, తాత, ముత్తాత పేర్లు వరుసగా చెప్పడం ఆనవాయితీ. తండ్రి పేరు తడుముకోకుండా చెబుతారు. తాత పేరు కూడా చెబుతారు. ముత్తాత దగ్గరకు వచ్చేసరికి చాలా ఇళ్లలో మౌనమే సమాధానం. ఇంట్లో ముసలవ్వ ఉంటే ఆమె వైపు చూస్తారు. ఆమె కూడా లేని ఇంట్లో ఆ పేరు అక్కడితో ఆగిపోతుంది.

మూడు తరాల పేర్లు తెలియకపోవడం ఆచారానికి మాత్రమే లోటు కాదు. తాత పేరిట ఉన్న భూమిని మనవల పేరిట మార్చుకోవాలన్నా, గల్ఫ్‌లో మరణించిన వ్యక్తి వారసులెవరో తేల్చాలన్నా, ముంపు పరిహారంలో వాటా అడగాలన్నా ‘ఎవరి కొడుకు ఎవరు, ఎవరు ఎప్పుడు పోయారు’ అన్న రెండు ప్రశ్నలకు కాగితం మీద జవాబు ఉండాలి. ఆ కాగితాలు ఎక్కడ ఉంటాయో, వాటిని ఎలా చదవాలో తెలియక అనేక కుటుంబాలు కార్యాలయాల చుట్టూ తిరుగుతున్నాయి. ఈ నేపథ్యంలో పాత మరణ నమోదులు, జనాభా లెక్కలు, రెవెన్యూ దస్త్రాలు కుటుంబ చరిత్రకు ఎంతవరకు ఉపయోగపడతాయో తెలిపే కథనమిది.

వెయ్యేళ్ల కిందటే రాతిపై వంశ వివరం

వంశ వివరాలను భద్రపరచడం ఈ నేలకు కొత్త కాదు. పదో శతాబ్దంలో వేములవాడ రాజధానిగా పాలించిన చాళుక్యులు తమ వంశక్రమాన్ని శాసనాల్లో చెక్కించారు. క్రీ.శ. 966 నాటి పర్భణి తామ్ర శాసనం ఈ రాజుల వరుసను మొదటి యుద్ధమల్లుని నుంచి మూడో అరికేసరి వరకు తెలుపుతుంది.

రాజుల సంగతి అలా ఉంచితే, రాజవంశానికి చెందని ఒక కుటుంబం చరిత్ర కూడా మనకు సమీపంలోనే ఉంది. గంగాధర మండలం కురిక్యాల వద్ద బొమ్మలమ్మ గుట్టపై జినవల్లభుడు వేయించిన శాసనం సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లోనూ ఉంది. అందులోని తెలుగు కంద పద్యాల వల్ల సాహిత్య చరిత్రకారులకు అది ప్రసిద్ధం. అయితే అదే శాసనం మరో ముఖ్య విషయం కూడా చెబుతుంది. జినవల్లభుడు వేములవాడ ఆస్థాన కవి పంపని తమ్ముడు. వారి తండ్రి భీమపయ్య అనీ, తాత అభిమానచంద్రుడనీ, వారిది శ్రీవత్స గోత్రమనీ, కమ్మనాడులోని వంగిపర్రు వారి పూర్వీకుల గ్రామమనీ ఆ రాతి వల్లే తెలిసింది. పేరు, తండ్రి, తాత, గోత్రం, స్వగ్రామం.. నేడు కుటుంబ చరిత్ర రాసుకునే ఎవరైనా ముందుగా నింపుకోవలసిన గడులు సరిగ్గా ఇవే.

జనాభా లెక్కలు: ఆశ ఎక్కువ, అందేది వేరు

పూర్వీకుల వివరాలు వెతకాలనుకునే వారికి మొదట తట్టేది జనాభా లెక్కలు. నిజాం రాజ్యంలో తొలి జనగణన 1881లో జరిగింది. అప్పటి నుంచి పదేళ్లకోసారి 1941 వరకు నిజాం ప్రభుత్వ హయాంలోనూ, 1951 నుంచి స్వతంత్ర భారతంలోనూ లెక్కలు తీశారు. ఇంటింటికీ వచ్చి పేర్లు రాసుకున్నారు కాబట్టి తాత పేరు అందులో ఉండే ఉంటుందని చాలామంది భావిస్తారు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. మన దేశంలో ఎన్యూమరేటర్లు నింపిన ఇంటి పత్రాలు ప్రజలకు చూపరు. అంకెలు కూడి పట్టికలు తయారు చేయడమే వాటి ప్రయోజనం. 1948 జనగణన చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం ఆ పత్రాలను తనిఖీ చేసే హక్కు ఎవరికీ లేదు. సివిల్ దావాల్లో వాటిని సాక్ష్యంగా స్వీకరించరు. జనం భయం లేకుండా నిజం చెప్పాలంటే గోప్యత ఉండాలన్నది దీని వెనక ఉన్న ఉద్దేశం.

ఇతర దేశాల్లో పద్ధతి వేరు. అమెరికాలో 72 ఏళ్లు గడిచిన జనగణన పత్రాలను పేర్లతో సహా బహిరంగపరుస్తారు. 1950 నాటివి 2022 ఏప్రిల్‌లో అందరికీ అందుబాటులోకి వచ్చాయి. బ్రిటన్‌లో వందేళ్ల గడువు ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లకు సంబంధించిన 1921 నాటి పత్రాలను 2022 జనవరిలో విడుదల చేశారు. ఆ దేశాల వారు తాత పేరు టైపు చేసి ఇంటి పత్రం చూడగలుగుతున్నారు. మనకు ఆ వెసులుబాటు లేదు.

అలాగని జనాభా లెక్కలు పనికిరావని కాదు. అవి వ్యక్తి గురించి చెప్పకపోయినా ఊరి గురించి చెబుతాయి. 1951 నుంచి వెలువడుతున్న జిల్లా జనగణన కరదీపికల్లో గ్రామాల వారీగా ఇళ్లు, జనాభా, అక్షరాస్యులు, వృత్తుల వివరాలు ఉన్నాయి. 1931 వరకు సంపుటాల్లో కులాల వారీ లెక్కలు విస్తృతంగా ఇచ్చారు. జనగణన శాఖ వెబ్‌సైట్‌లోని డిజిటల్ గ్రంథాలయంలో పాత నివేదికలు ఉచితంగా లభిస్తాయి.

వీటిని చదివేటప్పుడు జిల్లా పేరు గుర్తుంచుకోవాలి. 1905లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు మన జిల్లా పేరు ఎలగందుల. కాబట్టి 1881, 1891, 1901 సంపుటాల్లో కరీంనగర్ కోసం వెతికితే కనబడదు. ఎలగందుల జిల్లా కింద వెతకాలి. అదే కాలంలో సిర్పూర్-తాండూరు ప్రాంతం ఆదిలాబాద్ జిల్లాగా మారింది. వేములవాడ చాలాకాలం సిరిసిల్ల తాలూకాలో భాగం. మండలాలు 1985లో వచ్చాయి. 2016 అక్టోబరు 11 నుంచి మన ప్రాంతం రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉంది. ఒకే ఊరు ఒక్కో కాలంలో ఒక్కో జిల్లా, తాలూకా కింద నమోదై ఉంటుంది. ఊరు కదలకపోయినా కాగితంపై చిరునామా కదిలిందన్నమాట.

తగ్గిన అంకెల వెనక..

హైదరాబాద్ రాజ్య జనాభా 1911లో 1 కోటి 33 లక్షల 74 వేలు. 1921 నాటికి అది 1 కోటి 24 లక్షల 71 వేలకు పడిపోయింది. పదేళ్లలో పెరగవలసిన జనం 9 లక్షలు తగ్గారు. 1918లో ప్రపంచాన్ని చుట్టేసిన ఇన్‌ఫ్లుయెంజా, దానికి తోడైన వర్షాభావం ఇందుకు ప్రధాన కారణాలు. అంతకుముందు 1891లో 1 కోటి 15 లక్షలున్న జనాభా 1901లో 1 కోటి 11 లక్షలకు తగ్గింది. 1899-1900 నాటి మహా కరువు ఆ దశాబ్దంలోనిదే.

కుటుంబ చరిత్రకు ఈ అంకెలు ఎలా ఉపయోగపడతాయి? ‘మా తాత చిన్నప్పుడే తల్లిదండ్రులు ఇద్దరూ ఒకే నెలలో పోయారట’, ‘మేనమామ ఇంట్లో పెరిగాడట’ వంటి మాటలు అనేక ఇళ్లలో వినిపిస్తాయి. తాత పుట్టిన కాలం 1910 ప్రాంతం అనుకుంటే, ఆ మరణాలు 1918 చివరి నెలల్లో జరిగి ఉండే అవకాశం ఎక్కువ. ఇది ఊహే కానీ ఆధారం ఉన్న ఊహ. దాన్ని రూఢి చేసుకోవాలంటే ఇతర దస్త్రాలు చూడాలి.

మరణ నమోదు: పోలీసు పటేల్ నుంచి పంచాయతీ కార్యదర్శి వరకు

నిజాం కాలంలో గ్రామ పాలన మాలీ పటేల్, పోలీసు పటేల్, పట్వారీల చేతుల్లో ఉండేది. శిస్తు వసూలు మాలీ పటేల్‌ది. లెక్కలు పట్వారీవి. శాంతిభద్రతలతో పాటు ఊళ్లో పుట్టిన వారు, చనిపోయిన వారి సమాచారం పైకి పంపడం పోలీసు పటేల్ బాధ్యత. పటేల్, పట్వారీ వ్యవస్థ 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వ హయాంలో రద్దయింది. ఆ మార్పులో కొన్ని ఊళ్ల దస్త్రాలు తాలూకా కార్యాలయానికి చేరగా, మరికొన్ని ఇళ్లలోనే ఉండిపోయాయి. చెదలు పట్టినవి, వాన నీటికి తడిసినవి అనేకం. అందువల్ల 1950కి ముందు జరిగిన మరణం నమోదు అన్ని ఊళ్లలోనూ దొరుకుతుందని అనుకోరాదు.

దేశమంతటికీ ఒకే విధమైన నమోదు కోసం జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. గ్రామాల్లో పంచాయతీ, పట్టణాల్లో పురపాలక సంఘం వద్ద ఈ రిజిస్టర్లు ఉంటాయి. మరణం జరిగిన 21 రోజుల్లో సమాచారం ఇవ్వాలి. ఏడాది దాటితే నమోదుకు మెజిస్ట్రేట్ ఉత్తర్వు అవసరమన్న నిబంధన ఉండేది. 2023 సవరణతో ఆ అధికారం జిల్లా మెజిస్ట్రేట్‌కు, ఆయన అధికారం ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్‌కు వచ్చింది. ఈ సవరణ 2023 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది.

ఇదే చట్టంలోని 17వ సెక్షన్ చాలామందికి తెలియదు. నిర్ణీత రుసుము చెల్లించి ఎవరైనా రిజిస్టర్‌లో పేరు వెతికించమని కోరవచ్చు. ఆ నమోదు నకలు పొందవచ్చు. అయితే మరణ కారణాన్ని మాత్రం నకలులో వెల్లడించరు. పేరు, తేదీ, స్థలం, తండ్రి లేదా భర్త పేరు వంటి వివరాలతోనే ఒక తరాన్ని మరో తరంతో కలపవచ్చు. మరణం జరిగిన చోటే నమోదు జరుగుతుందన్నది మరో ముఖ్య విషయం. ఊరు వేములవాడ అయినా, కరీంనగర్ ఆసుపత్రిలో కన్నుమూస్తే నమోదు కరీంనగర్‌లోనే ఉంటుంది. హైదరాబాద్‌లో పోతే హైదరాబాద్‌లో వెతకాలి.

ఫసలీని మన తేదీలోకి మార్చడం

నిజాం కాలపు దస్త్రం చేతికి వచ్చినా అందులో తేదీ అర్థం కాదు. అది ఫసలీ సంవత్సరంలో ఉంటుంది. హైదరాబాద్ రాజ్యంలో ఫసలీ సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో ఆజూర్ నెలతో ప్రారంభమయ్యేది. దై, బహ్మన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, అర్దిబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్ మిగిలిన నెలలు.

లెక్క సులభం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వచ్చే నెలలకు ఫసలీకి 590 కలపాలి. జనవరి నుంచి సెప్టెంబరు వరకు అయితే 591 కలపాలి. ఉదాహరణకు జాగీర్ల రద్దు శాసనం ఫసలీ 1358 నాటిది. అది వెలువడింది 1949 ఆగస్టు 15న. 1358కి 591 కలిపితే 1949 సరిగ్గా వస్తుంది. నేటి రెవెన్యూ లెక్కల్లో ఫసలీ జులై 1న మొదలవుతుంది. కనుక పాత దస్త్రానికీ కొత్త దానికీ ఈ తేడా గమనించాలి.

కొన్ని ఇళ్లలో మరణ సంవత్సరం తెలుగు పేరుతో గుర్తుంటుంది. ‘కాళయుక్తిలో పోయాడు’ అంటే అది 1918-19 కావచ్చు, 1978-79 కావచ్చు. అరవై ఏళ్లకోసారి పేరు తిరిగి వస్తుంది. మనిషి వయసును బట్టి ఏది సరైనదో తేల్చుకోవాలి. తద్దినం పెట్టే ఇళ్లలో మాసం, పక్షం, తిథి తప్పకుండా గుర్తుంటాయి. సంవత్సరం తెలిస్తే పాత పంచాంగం సాయంతో ఇంగ్లిషు తేదీ కచ్చితంగా చెప్పవచ్చు. తిథి ఇంటి దస్త్రం వంటిదే.

పహాణీలో వంశవృక్షం

మన ప్రాంతంలో భూమి ఉన్న కుటుంబానికి అత్యంత బలమైన ఆధారం రెవెన్యూ దస్త్రమే. సర్వే అయిన తర్వాత తయారైన సేత్వార్‌లో మొదటి పట్టాదారు పేరు ఉంటుంది. 1954-55 ఖాస్రా పహాణీలో సర్వే నంబరు వారీగా పట్టాదారు, అనుభవదారుల పేర్లు రాశారు. ఆ తర్వాత 1955 నుంచి 1958 వరకు సేసాల పహాణీ ఉంది. అక్కడి నుంచి ఏటా పహాణీలు రాశారు.

ఈ వరుసలో ఒక సర్వే నంబరును పట్టుకొని ఏడాది వెంట ఏడాది చూస్తూ వస్తే ఎక్కడో ఒకచోట పట్టాదారు పేరు మారుతుంది. అమ్మకం కాకపోతే ఆ మార్పు ఫౌతి వల్ల వచ్చి ఉంటుంది. ఫౌత్ అంటే మరణం. విరాసత్ అంటే వారసత్వం. పట్టాదారు మరణిస్తే వారసుల పేరిట మార్చే ఉత్తర్వునే విరాసత్ అంటారు. ఆ ఫైలులో చనిపోయిన వ్యక్తి పేరు, వారసుల పేర్లు, వారి మధ్య బంధుత్వం ఉంటాయి. మరణ రిజిస్టర్ దొరకని చోట విరాసత్ ఫైలే మరణానికి సాక్ష్యం. ఒక పహాణీలో తాత, ఇరవై ఏళ్ల తర్వాత పహాణీలో ముగ్గురు కొడుకులు, మరో ఇరవై ఏళ్లకు ఏడుగురు మనవలు కనబడితే మూడు తరాల వంశవృక్షం చేతికి వచ్చినట్లే.

భూమి కౌలుకు చేసిన కుటుంబాల వారు 1950 కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదారుల జాబితా చూడాలి. గ్రామ సేవకులుగా పనిచేసిన నీరడి, సేత్‌సింధి కుటుంబాలకు ఇనాం దస్త్రాలు ఆధారం. ఆదిలాబాద్ ఏజెన్సీలో 1940లో కుమురం భీం జోడేఘాట్‌లో అమరుడైన తర్వాత నిజాం ప్రభుత్వం గిరిజనులకు లావుణి పట్టాలు ఇచ్చింది. ఆ పట్టా కాగితాలు నేటికీ గోండు కుటుంబాలకు తాతల పేర్లు చూపే దస్త్రాలు.

పహాణీ నకలు కోసం తహసీల్దారు కార్యాలయానికి, సేత్వార్ కోసం సర్వే, భూ రికార్డుల శాఖకు దరఖాస్తు చేయాలి. సమాధానం రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. మరింత పాతవి, జాగీర్లకు, ఇనాంలకు సంబంధించినవి హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర పురావస్తు పత్ర భాండాగారంలో ఉన్నాయి. అక్కడి దస్త్రాల్లో అధిక భాగం ఫారసీ, ఉర్దూ భాషల్లో ఉంటాయి. ఉర్దూ చదవగల పెద్దలను వెంట తీసుకెళ్లడం మంచిది.

భూమి లేని వారి పేర్లు ఎక్కడ?

గుంట భూమి లేని కుటుంబాలు, మగ్గం మీద బతికిన వారు, కూలి పని చేసిన వారు పహాణీలో కనబడరు. వారి కోసం మూడు మార్గాలు ఉన్నాయి. మొదటిది పాఠశాల ప్రవేశ రిజిస్టర్. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, ఊరు అందులో ఉంటాయి. రెండోది చేనేత సహకార సంఘాల సభ్యత్వ పుస్తకాలు. మూడోది ఓటర్ల జాబితా. 1951-52 తొలి సాధారణ ఎన్నికల నుంచి ఇంటి వారీగా పేర్లు, తండ్రి లేదా భర్త పేరు, వయసు ముద్రిస్తున్నారు.

ఓటర్ల జాబితాకు ఉన్న విలువ అస్సాం ప్రజలకు బాగా తెలుసు. అక్కడ పౌర రిజిస్టర్ నవీకరణలో 1951 నాటి రిజిస్టర్‌లోనో, 1971 మార్చి 24 వరకు ఉన్న ఓటర్ల జాబితాల్లోనో తమ తండ్రి, తాతల పేరు చూపాలని కోరారు. 2019 ఆగస్టు 31న వెలువడిన తుది జాబితాలో 19 లక్షల మందికి పైగా పేర్లు గల్లంతయ్యాయి. కాగితం మీద తాతతో బంధుత్వం చూపలేకపోతే ఎంత కష్టమో ఆ అంకె చెబుతుంది.

స్త్రీల పేర్లు దొరకడం మరీ కష్టం. తొలి ఎన్నికల జాబితా తయారీలో దేశవ్యాప్తంగా, ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాల్లో, సుమారు 28 లక్షల మంది మహిళలు సొంత పేరు చెప్పక ‘ఫలానా వారి భార్య’, ‘ఫలానా వారి కూతురు’ అని మాత్రమే చెప్పడంతో వారి పేర్లు తొలగించవలసి వచ్చింది. మన దస్త్రాల్లోనూ అవ్వల పేర్లు అరుదు. భర్త మరణించాక విరాసత్‌లో భార్య పేరు వస్తే అదే ఆమె ఉనికికి ఏకైక ఆధారం కావచ్చు. అవ్వ పుట్టింటి పేరు, పుట్టిన ఊరు ఇప్పుడే అడిగి రాసుకోకపోతే తర్వాత ఏ కార్యాలయమూ చెప్పలేదు.

నోటి మాటా దస్త్రమే

కాగితం లేని కాలంలో వంశాలను గుర్తుపెట్టుకోవడం కొన్ని ఆశ్రిత కులాల వృత్తి. పద్మశాలీలకు కూనపులి వారు, గొల్లలకు మందహెచ్చుల వారు, మాదిగలకు డక్కలి వారు, ముదిరాజులకు కాకిపడగల వారు, రెడ్లు, కాపులకు పిచ్చుకుంట్ల వారు వంశాల కథలు చెప్పేవారు. గోండులకు ప్రధాన్‌లు, తోటీలు ఉన్నారు. ఏ ఇంటివారు ఏ గోత్రం, ఎక్కడి నుంచి వచ్చారు అన్నది వారి నోట ఉంటుంది. మిరాశీ ఊళ్లకు తిరిగే వారు ఏటేటా తగ్గుతున్నారు. ఇంటికి వచ్చినప్పుడు వారు చెప్పేది ఫోన్‌లో రికార్డు చేసుకోవడం ఉత్తమం. కాశీ, గయ యాత్రలకు వెళ్లే వారు అక్కడి పండాల వహీ పుస్తకాల్లో తమ ఊరి పేరు అడిగి చూడవచ్చు. పితృకర్మలకు వెళ్లిన పూర్వీకుల పేర్లు వాటిలో రాసి ఉంచే సంప్రదాయం ఉంది.

సమాధి రాయిని కూడా తక్కువ అంచనా వేయరాదు. మరణించిన వారి మధ్య బంధుత్వం తేల్చేటప్పుడు కుటుంబ వంశావళిపైన, సమాధి రాయిపైన ఉన్న రాతను షరతులకు లోబడి న్యాయస్థానం పరిశీలిస్తుంది. పాత సాక్ష్య చట్టంలోనూ, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఈ నిబంధన ఉంది. ప్రభుత్వం తీసిన జనగణన పత్రం కోర్టులో చెల్లదు. బొందలగడ్డలోని రాయి మీద పేరు చెల్లవచ్చు.

ముంపులో పోయినవి, మిగిలినవి

మధ్యమానేరు జలాశయం కింద వేములవాడ చుట్టుపక్కల అనుపురం, రుద్రారం, సంకెపల్లి, కొదురుపాక, నీలోజిపల్లి, చింతలఠాణా తదితర గ్రామాలు మునిగాయి. ఇళ్లతో పాటు సమాధులు, గుడి గోడలపై దాతల పేర్లు, ఊరి గుర్తులు నీటి కిందకు వెళ్లాయి. నిర్వాసితులు వేర్వేరు పునరావాస కాలనీలకు, పట్టణాలకు చెదిరిపోయారు. ‘ఫలానా వారి ఇల్లు ఆ చింతచెట్టు పక్కన’ అని చెప్పే వీలు ఇక లేదు.

అయితే ఆ ప్రక్రియలోనే మరో దస్త్రం పుట్టింది. భూసేకరణ అవార్డుల్లో సర్వే నంబర్ల వారీగా యజమానులు, వారసుల పేర్లు ఉన్నాయి. ఇళ్ల సర్వే, పునరావాస జాబితాల్లో కుటుంబాల వివరాలు ఉన్నాయి. మునిగిన ఊరికి అవే చివరి చిత్రం. నిర్వాసిత కుటుంబాలు తమ వద్ద ఉన్న నోటీసులు, అవార్డు నకళ్లను డబ్బు అందింది కదా అని పారేయకుండా దాచుకోవాలి.

వలస వెళ్లిన వారి జాడ

సిరిసిల్ల, వేములవాడ ప్రాంతం నుంచి నేత కార్మికులు తరతరాలుగా షోలాపూర్, భివండీ, ముంబయి వెళ్లారు. అక్కడ బ్రిటిష్ పాలన ఉన్నందున పట్టణాల్లో మరణ నమోదు మనకన్నా ముందే మొదలైంది. తాత తమ్ముడు బొంబాయిలో పోయాడని తెలిస్తే అక్కడి పురపాలక సంస్థను అడగవచ్చు.

ఇంకా దూరం వెళ్లిన వారి వివరాలు మరింత భద్రంగా ఉండటం గమనార్హం. 1860 నుంచి 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు లక్షన్నర మందికి పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా వెళ్లారు. మద్రాసు రేవు నుంచి వెళ్లిన తెలుగువారు వారిలో ఉన్నారు. ఓడ జాబితాల్లో కూలీ పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, గ్రామం, ఒంటిపై గుర్తులు రాశారు. వాటి ఆధారంగానే వారి ముని మనవలు నేడు తమ స్వగ్రామాల కోసం వెతుకుతున్నారు.

గల్ఫ్‌లో మరణిస్తే అక్కడి ప్రభుత్వం ఇచ్చిన మరణ పత్రం, భారత రాయబార కార్యాలయ పత్రాలు కీలకం. పరిహారం, బీమా, భూమి విరాసత్ అన్నింటికీ అవే ఆధారం. విదేశాల్లో మరణించిన పౌరుల నమోదుకు 1969 చట్టంలోని 20వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. ఆచూకీ లేకుండా పోయిన వ్యక్తి గురించి, సహజంగా తెలియవలసిన వారికి ఏడేళ్ల పాటు ఏ కబురూ అందకపోతే మరణించినట్లు భావించే అవకాశం చట్టంలో ఉంది. కోర్టు ద్వారానే అది తేలుతుంది.

పొరబడే చోట్లు

* ఒకే పేరు: రాజన్న క్షేత్రం కావడంతో మన ప్రాంతంలో రాజయ్య, రాజవ్వ, రాజేశం, రాజలింగం, రాజమల్లు పేర్లు ఇంటింటా ఉంటాయి. పైగా తాత పేరు మనవడికి పెట్టడం ఆచారం. తండ్రి పేరు, ఇంటిపేరు, సర్వే నంబరు మూడూ కలిస్తేనే మన మనిషి అని నిర్ధారించాలి.
* ఇల్లరికం, దత్తత: ఇల్లరికం వచ్చిన అల్లుడి ఇంటిపేరు వేరుగా ఉంటుంది. దత్తత వెళ్లిన వారి ఇంటిపేరు మారుతుంది. ఇంటిపేరు మారిన చోట వంశం తెగిందని తొందరపడరాదు.
* ఉర్దూ రాత: ఉర్దూ లిపిలో ల, ళ తేడా, న, ణ తేడా ఉండదు. హ్రస్వాలు తరచూ రాయరు. దాన్ని మళ్లీ తెలుగులోకి ఎక్కించినప్పుడు పేరు మారిపోతుంది.
* ఊరి పేరు: ఖుర్దు అంటే చిన్నది, బుజుర్గు అంటే పెద్దది. ఒకే పేరుతో రెండు ఊళ్లుంటే ఏదో చూసుకోవాలి.
* వయసు: పాత దస్త్రాల్లో వయసు 30, 35, 40 అని ఉజ్జాయింపుగా వేసేవారు. అయిదేళ్లు అటూ ఇటూ ఉండవచ్చు. ‘పోలీసు చర్య నాటికి పెళ్లయింది’ అన్న మాట 1948 సెప్టెంబరుకు ముడిపడి ఉంది కాబట్టి వయసు అంకె కన్నా నమ్మదగినది.

మొదలు పెట్టడం ఎలా?

ముందుగా ఇంట్లోని పెద్దవారితో మాట్లాడి తెలిసిన పేర్లన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. ప్రతి పేరు పక్కన ఎవరు చెప్పారో కూడా రాయాలి. తర్వాత ట్రంకు పెట్టెలోని పాత శిస్తు రసీదులు, పట్టా పాసు పుస్తకాలు, పెళ్లి పత్రికలు చూడాలి. వాటిలో సర్వే నంబరు దొరికితే పహాణీలకు వెళ్లాలి. పేరు మారిన ఏడాది తెలిస్తే విరాసత్ ఫైలు, మరణ రిజిస్టర్ అడగాలి. కార్యాలయానికి వెళ్లి ‘మా తాత వివరాలు కావాలి’ అంటే ఎవరూ వెతకలేరు. ‘ఫలానా ఊరు, ఫలానా సర్వే నంబరు, 1960 నుంచి 1970 మధ్య’ అంటే పని సులువవుతుంది. రెండు వేర్వేరు దస్త్రాలు ఒకే మాట చెప్పినప్పుడే దాన్ని నిజమని స్వీకరించాలి.

తదుపరి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా నిర్ణయిస్తూ కేంద్రం 2025 జూన్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత తొలిసారి ఇందులో అన్ని కులాల వివరాలు సేకరించనున్నారు. అయితే అందులో రాసిన పేర్లు కూడా మన మనవలకు చూపరు. వారికి మిగిలేది మనం ఇప్పుడు నమోదు చేయించే కాగితాలే. ఇంట్లో మరణం సంభవిస్తే దినవారాల హడావుడిలో పడి నమోదు మరవకుండా 21 రోజుల్లో పంచాయతీలోనో, పురపాలక సంఘంలోనో పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు తప్పుల్లేకుండా రాయించాలి. ఆడవారి విషయంలో భర్త పేరుతో పాటు తల్లిదండ్రుల పేర్లు కూడా ఇంటి పుస్తకంలో ఎక్కించాలి. ఆ ఒక్క వరుస కోసమే యాభై ఏళ్ల తర్వాత ఎవరో ఒక మనవడు ఇదే కార్యాలయానికి వస్తాడు.